మరియమ్మ బిడ్డ కోసం కొల్లేటికోటకు

మాఘమాసంలో ఒక మంగళవారం నాడు ఏలూరి నుంచి మా మరిది రామమూర్తి కార్డు రాశాడు. మా చెల్లెలు మాణిక్యం భర్త అతను, ఆ ఊళ్ళో బట్టల కొట్టులో గుమాస్తా. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుని చదువుకున్నాను. ‘‘వదినగారికి నమస్కారములు. మన అమ్మాయి సీతాలుకు పూర్తిగా నిమ్మళించినది. కాని అమ్మవారి కుండ వీధిలో పెట్టినందుకు మీ చెల్లెలి మీద కేసు పెట్టినారు. లక్ష్మివారం కోర్టు. ఆ కుండ ఎత్తిన పాకీ మరియమ్మ బిడ్డకు ఇప్పుడు అమ్మవారు పోసినది. మీ చెల్లెలు అన్నం ముట్టుట లేదు. తక్షణం రావలెను.’’

మా వైపు మశూచికం వచ్చి తగ్గితే, ఆఖరి స్నానం చేయించాక కొత్తకుండలో వేపాకు, పసుపునీళ్ళు, పెరుగన్నం పెట్టి, పిల్ల పడుకున్న గుడ్డ దానిమీద కప్పి, మూడు దారులు కలిసేచోట దించి వస్తాం. వెనక్కి చూడకూడదు. అమ్మవారిని సాగనంపడమంటే అదే. మా అమ్మ చేసింది, నేను చేశాను. ఆ కుండ తరవాత ఏమవుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు.

మా ఆయనకు మిల్లులో సెలవు దొరకలేదు. బుధవారం నేనొక్కదాన్నే తాడేపల్లిగూడెం స్టేషనుకు వెళ్ళాను. ఏడున్నరకు రావలసిన పాసింజరు ఎనిమిదిన్నరకు వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన ఏలూరులో కళాయి పోసేవారి ఇల్లాలు హుస్సేన్‌బీ కూచుంది. నా సంచిలోని దిబ్బరొట్టె తలో ముక్క తిన్నాం. రొట్టె చుట్టిన ఆకు కిటికీలోంచి పారెయ్యబోతే ఆవిడ నవ్వింది.

‘‘ఇక్కడ పారెయ్యండమ్మా, భయం లేదు. మా ఊరు దిగాక మాత్రం కొంగున కట్టుకోండి.’’

‘‘అంత గట్టిగా పట్టుకుంటున్నారా అండీ?’’

‘‘వీధిలో చెత్త వేస్తే జుల్మానా అని టముకు వేశారు కదండీ. మా ఆయన బొగ్గు బూడిద గుమ్మంలో పోశారని కోర్టుకు పిలిచారు. నలభై ఏళ్ళుగా అక్కడే పోస్తున్నానంటే, అయితే నలభై ఏళ్ళ నేరం ఒప్పుకున్నావన్నారట!’’

పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భీమడోలు దాటాక ఆవిడ, ‘‘మీరెందుకు వెళ్తున్నారమ్మా?’’ అని అడిగింది. చెప్పాను.

పదిన్నరకు ఏలూరులో దిగి, రెండణాలకు జట్కా మాట్లాడుకున్నాను. నిజం చెప్పాలి, ఊరు అద్దంలా ఉంది. పోయిన ఏడు కాలవ వంతెన దగ్గర ముక్కు మూసుకుని నడిచాను. ఇప్పుడు ఎక్కడా ఎంగిలాకు లేదు. మలుపు మలుపునా ఇనప తొట్టి పెట్టారు.

మాణిక్యం వంటింటి గడప మీద కూచుని ఉంది. సీతాలు మొహమంతా మచ్చలు, కాని గంతులేస్తూ వచ్చి నా కాళ్ళకు చుట్టుకుంది. దాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మా చెల్లెలు మాత్రం నా మొహం చూడలేదు.

‘‘కొత్త గుడ్డ పెట్టానక్కా,’’ అంది. ‘‘చింకిగుడ్డ పెడితే అమ్మవారికి కోపం వస్తుందని, పిల్ల కింద వేసిన కొత్త దుప్పటి ముక్కే కప్పాను. అదే కొంప ముంచింది.’’

జరిగింది ఇది. మూడు వారాల కిందట తెల్లవారుతుండగా కుండ దించి తిరిగి వస్తుంటే, మూసిన కొట్టు అరుగు మీద కాపలా కూచున్న ఆ పేట పాకీవాళ్ళ మేస్త్రీ కేకేశాడు. కుండ ఎత్తి తొట్టి దగ్గరకు మోసుకెళ్ళమన్నాడు. సాగనంపినదాన్ని మళ్ళీ ఎత్తితే ఇంటికి తెచ్చుకున్నట్టేనని మా చెల్లెలు ఒప్పుకోలేదు. పేరు రాసుకుని, ఆ మలుపులో ఊడుస్తున్న మరియమ్మను పిలిచాడు. ‘‘ఇది గోతిలో వేసి కాల్చెయ్యి,’’ అన్నాడు. మరియమ్మ కుండ కాల్చింది. గుడ్డ కాల్చలేదు. చలికాలం, ఇంట్లో రెండేళ్ళ పిల్ల. కొంగు చాటున దాచుకుని తీసుకుపోయింది.

‘‘నేను అక్కడే నిలబడి చూస్తున్నాను,’’ అంది మాణిక్యం. ‘‘నేను ఎత్తనన్నది ఆవిడ ఎత్తుకుంటే, హమ్మయ్య అనుకున్నాను అక్కా.’’

ఆ బిడ్డ బతకాలని మా చెల్లెలు కొల్లేరు మధ్యన కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మకు మొక్కుకుంది. సీతాలు పథ్యం చూసుకోవాలి కనక తన బదులు నన్ను వెళ్ళమంది. సరేనన్నాను. ముందు ఆ బిడ్డ తల్లితో ఒకమాట చెప్పాలి కదా అని మూడు గంటలకు ఇద్దరం వాళ్ళ పేటకు వెళ్ళాం.

పాక బయటే మరియమ్మ ఎదురొచ్చింది. నా ఈడుదే. లోపల చాప మీద పిల్ల రూతు, వేపాకుల్లో, మూలుగు తప్ప కదలిక లేదు. మా అక్కచెల్లెళ్ళిద్దరికీ చిన్నప్పుడే పోసింది కనక నేను లోపలికి వెళ్ళబోయాను. మరియమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘వద్దండి అమ్మగారూ. మీరు పెద్దోరు.’’

మాణిక్యం గుంజ పట్టుకుని, ‘‘మరియమ్మా, నేను చేసిన పాపం,’’ అని ఏడ్చింది.

‘‘పాపం మీదొక్కరిదేటండి?’’ అంది మరియమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నేను భరించలేకపోయాను. ‘‘ఇదివరకు పట్టపగలు పారేసేవోరండి, ఏది ముట్టుకోవాలో ఏది కూడదో కనపడేది. ఇప్పుడు భయపడి చీకటుండగానే పారేస్తన్నారు. పొద్దెక్కేలోగా వీధిలో పుల్ల కనపడితే మాకు జీతం కోత. చేతుల్తోనే దేవేస్తన్నామండి. ఆ గుడ్డ మాత్రం నేను కోరి తెచ్చుకున్నాను. పారేసిన గుడ్డలా లేదండి అది. ఎవరో మడత పెట్టి ఇచ్చినట్టుంది.’’

కొల్లేటికోట మాట చెప్పాను. ‘‘మేం ఏసయ్య గుడికి పోయేవోళ్ళమండి, పాస్టరుగారు ప్రార్థన చేశారు,’’ అంది. పిల్ల వైపు చూసి, ‘‘అయినా ఎళ్ళండమ్మా. ఎవరు ఇన్నా సరే,’’ అంది.

లక్ష్మివారం పదకొండింటికి కోర్టు. అరటితొక్కలవాళ్ళు, ఎంగిలాకుల హోటలువాడు, పేడ పోసినవాడు, అంతా ఇరవైమంది దాకా వరండాలో నిలబడ్డారు. ఒక ముసలాయన, ‘‘నా గుమ్మం, నా చెత్త, మధ్యన మీరెవరండీ?’’ అని గొడవపడుతున్నాడు. బంట్రోతు, ‘‘తాతగారూ, అదే మాట లోపలనండి, రెండు రూపాయలది నాలుగవుద్ది,’’ అన్నాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టలేదు.

మా చెల్లెలి వంతు వచ్చింది. వీధిలో చెత్త వేశావా అని అడిగారు.

‘‘వేశానండి. దాన్ని ఎత్తినావిడ బిడ్డ చావుబతుకుల్లో ఉందండి. ఆ సంగతి రాసుకోండి.’’

బల్ల వెనక పెద్దమనిషి కళ్ళజోడు తీసి ఆమెను చూశారు. కఠినుడేమీ కాదు. ‘‘అమ్మా, ఆ సంగతి ఈ కాగితంలో లేదు,’’ అని మెల్లిగా అని, రెండు రూపాయల జుల్మానా వేసి, తరవాతి పేరు పిలిపించారు.

శుక్రవారం తెల్లవారాక మరిది, నేను ఒంటెద్దు బండి మీద సరస్సు ఒడ్డున ఉన్న లంక పల్లెకు చేరాం. తొమ్మిదయింది. అక్కడి నుంచి పోనూ రానూ రూపాయికి పడవ కుదిరింది. ఎవరైనా వెళ్ళదలిస్తే మంచినీళ్ళు, చద్దన్నం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, మధ్యలో ఏమీ దొరకదు. ఎండ పొడ కంట్లో గుచ్చుతుంది, గొడుగు ఉండాలి. కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారుల్లో పడవ వెళ్తుంటే, గూడబాతులు బరువుగా లేచి మళ్ళీ అక్కడే వాలేవి. మరో రోజయితే కళ్ళు చాలవనుకునేదాన్ని. ఆ రోజు నీళ్ళ చప్పుడులో నాకు పసిదాని మూలుగే వినిపించింది.

గడ్డి మొదళ్ళలో తడిసిన విస్తరాకులు గుట్టలుగా పట్టి ఉన్నాయి. పడవవాడు అప్పన్న గెడతో వాటిని తోస్తూ, ‘‘మీ ఏలూరోళ్ళు బాగుపడ్డారంట కదండీ!’’ అన్నాడు.

మా మరిది, ‘‘అవునయ్యా, చట్టం గట్టిగా ఉంది,’’ అన్నాడు.

‘‘కనపడతానే ఉందండి. మీకాడ జుల్మానా మొదలెట్టాక అందరూ కాలవలో పడేస్తన్నారు. కాలవ మా కాడికే వస్తది. మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు ఎప్పుడయ్యాయో మేం లెక్క చెప్పగలమండి.’’

కోటకు పన్నెండున్నరకు చేరాం. జాతర ఇంకా నెల ఉంది, జనం లేరు. పూజారి, ‘‘ఎవరి పేరు మీదమ్మా?’’ అన్నారు. ‘‘రూతు,’’ అన్నాను. ఆయన నా మొహం చూసి, ఆ పేరే పలికి కుంకుమ వేశారు. గోత్రం అడగలేదు. అందుకు ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నా పిల్లలకు కూడా అంత గట్టిగా ఎప్పుడూ మొక్కలేదు. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురొచ్చింది. ఒడ్డుకు వచ్చేసరికి చీకటి పడి, బండి దొరకక ఆ రాత్రి లంకలో అప్పన్న ఇంటి అరుగు మీదే పడుకున్నాం.

శనివారం తొమ్మిదికి ఏలూరు చేరేసరికి మా చెల్లెలి ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. సీతాలును పక్కింటివారు ఆడిస్తున్నారు. ‘‘అమ్మ మరియమ్మ వాళ్ళింటికి వెళ్ళింది,’’ అంది అది.

మేం వెళ్ళేలోగా అంతా అయిపోయింది. బిడ్డ శుక్రవారం మధ్యాహ్నమే పోయిందట. నేను పూజారిగారికి పేరు చెప్పే వేళకు ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. సమాధి చేసి వచ్చారు. మరియమ్మ పాక పెరట్లో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. గుడ్డ దాచిన నేరానికి పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నాడట మేస్త్రీ. బిడ్డ పడుకున్న చాప గుమ్మంలో చుట్టి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వీధిలో వేస్తే కేసు. ఊరంతటి చాపలూ గోతికి మోసుకుపోయిన మనిషికి తన ఇంటి చాప ఎత్తడానికి చేతులు రావడం లేదు.

మాణిక్యం వంగి ఆ చాప ఎత్తుకుంది. ‘‘మీరు ముట్టకండమ్మగారూ!’’ అని మరియమ్మ లేవబోయింది. ‘‘నువ్వు కూచో తల్లీ,’’ అంది మా చెల్లెలు. పది గంటల ఎండలో, బజారు నడిమధ్య నుంచి, చాప భుజాన వేసుకుని నడిచింది. జనం పక్కలకు తప్పుకున్నారు. మా మరిది తల వంచుకుని వెనకే నడిచాడు, నేనూ నడిచాను. ఊరి చివర గోతిలో వేసి, అది బూడిదయ్యేదాకా కదల్లేదు. ఇంటికి వచ్చి తలారా నీళ్ళు పోసుకుని, నేను కలిపి పెట్టిన అన్నం నాలుగు ముద్దలు తింది. అప్పుడు నన్ను స్టేషనుకు వెళ్ళనిచ్చింది.

నాలుగింటి బండికి బయలుదేరి, ఆరున్నరకు గూడెం దిగాను. ప్రయాణం సుఖంగానే జరిగింది, పెట్టెలో చోటు దొరికింది. ఇంటికి చేరింది మొదలు ఇరుగుపొరుగు వచ్చి, ఏలూరు వీధులు అంత శుభ్రంగా ఉన్నాయటగా అని అడుగుతున్నారు. ఉన్నాయండీ, నేను కళ్ళారా చూశాను అని చెబుతున్నాను. మన ఊళ్ళోనూ ఆ చట్టం గట్టిగా పెడితే బాగుండునని వాళ్ళు అంటున్నారు. పెట్టవలసిందే, నేనూ కాదనను. కాని ఆ చెత్త ఎత్తుతున్నదెవరని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.