ఆరని గాజుబిళ్ళ

దెయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేసేదాన్ని. నందిగామలో ఫిజిక్స్ లెక్చరర్ని. కొలిచి చూడందే ఏదీ నమ్మను. దీన్ని కూడా కొలిచే చూసా.

నాతోపాటు పీహెచ్‌డీ చేసిన సుజాతక్కది జగ్గయ్యపేట. మా పని గాజు మీద. గాజు పొడిలో యూరోపియం అనే అరుదైన మూలకం చిటికెడు కలిపి, కొలిమిలో కరిగించి, ఇత్తడి పలక మీద పోస్తే బిళ్ళ తయారవుతుంది. చూడ్డానికి మామూలు గాజే. చీకట్లో యూవీ టార్చి వేస్తే మాత్రం నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. టార్చి ఆపితే ఆరిపోతుంది. రెప్పపాటు కూడా పట్టదు.

పోయినేడు అక్క జ్వరంతో ఆస్పత్రిలో చేరింది. "ఒకసారి వచ్చిపోవే" అని ఫోన్ చేసింది. రీడింగులు అయ్యాక వస్తానన్నా. మర్నాడు పొద్దున్నే పోయింది. వాళ్ళమ్మ బట్టల కోసం ఇంటికెళ్ళిన గంటలో.

నెల తర్వాత, అక్క చివరిసారి పోసిన బిళ్ళ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళా. మధ్యాహ్నం మూడైంది. వాళ్ళమ్మ రిటైరైన టీచరు.

"ఇదేం చేస్తుందో నాకెప్పుడూ చూపించలేదమ్మా అది. నువ్వు చూపించు" అన్నారు.

తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టాం. టార్చి వేసా. ఎర్రగా వెలిగింది. ఆపేసా.

బిళ్ళ ఆరలేదు.

టార్చి పూర్తిగా ఆగలేదేమోనని బ్యాటరీ తీసేసా. అయినా అదే ఎరుపు. వేడి లేదు. నా అరచేతి గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. బయట సిమెంటు లారీలు పోతున్న చప్పుడు.

అది వింతని ఆవిడకి తెలీదు. "ఎంతసేపుంటుందమ్మా ఇట్లా?" అనడిగారు. బిళ్ళని తన చేతిలోకి తీసుకుని, దానితోనే మెల్లగా అన్నారు.

"ఆ రోజు నేను ఇంటికి రాకుండా ఉండాల్సింది తల్లీ. ఇక పడుకో."

ఆరిపోయింది.

తర్వాత ఆవిడనడిగి బిళ్ళ తెచ్చుకుని ల్యాబ్‌లో వారం రోజులు కొలిచా. లైటు ఆపగానే ఆరుతోంది, పుస్తకాల్లో ఉన్నట్టే. నీ కంటికి అలా అనిపించి ఉంటుందన్నారు మా గైడ్. ఇద్దరి కళ్ళకీ ఒకేసారి ఎలా అనిపిస్తుంది?

అక్కతో నేనూ ఒక మాట చెప్పుకోవాలనుకున్నా ఆ గదిలో. ఆ బిళ్ళ ఎందుకు ఆరలేదో నాకు తెలీదు. నేను నోరు తెరవకముందే ఎందుకు ఆరిందో అంతకన్నా తెలీదు.