గవర్నమెంటు ప్లీడరు మీద నేను గెలిచిన రోజు

బందరు ఉక్కలో నల్లకోటు వేసుకోవాలని రూలు రాసినవాడు బందరు చూసి ఉండడు. నా లా కాలేజీ క్లాస్‌మేట్‌కి మాత్రం ఆ కోటులో చెమట పట్టదు. అతను సీనియర్ గవర్నమెంటు ప్లీడరు. నేను ఉత్త ప్లీడరుని. అసూయ అనను గానీ, అతను కనిపిస్తే నాకు ఆకలి కొంచెం తగ్గేది.

అతని మీద నేను గెలిచింది ఒక్కసారే. హంసలదీవి దగ్గర ఎకరం పొలం ప్రభుత్వానిది కాదని, నా క్లయింటైన పెద్దాయనదేనని పదేళ్ల తర్వాత తీర్పు వచ్చింది. కోర్టు వరండాలో అందరూ చూస్తుండగా ఆయన పూలదండతో వచ్చారు. నేను వినయంగా మెడ వంచాను. ఆయన నన్ను దాటి వెళ్లి, ఆ దండ నా క్లాస్‌మేట్ మెడలో వేశారు.

"అదేంటి బాబాయ్ గారూ, మీ కేసు వాదించింది నేను కదా!"

"మీరు పదేళ్లుగా వాదిస్తూనే ఉన్నారు కదండీ. ఈసారి ఆయన సరిగ్గా వాదించలేదు కాబట్టి గెలిచాం."