పడమటింట్లో పెట్టిన సంచి

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు ముగిసిన వారానికే ఇంటికి ఒక పీఆర్వో వచ్చాడు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పిల్లల్ని పోగేసుకోవడానికి ఊళ్ల మీదికి పంపే మనుషుల్ని మా వైపు అలాగే పిలుస్తారు. ఎండలో టై కట్టుకుని వచ్చాడు. గోడ మీద మావారి ఫొటోకి వేసిన దండ చూసి ముఖం దించుకుని, వెంటనే ఎత్తి, "మేడమ్, సార్ ఆశయాన్ని మనమే నెరవేర్చాలి" అన్నాడు.

అతనికి మావారెవరో తెలీదు. ఆయన ఆశయమేమిటో నాకే తెలీదు. గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, స్నానం చేసి, ఫ్యాను కింద పేపరు చదువుకోవాలనుకునేవారు. అది చాలాసార్లు నెరవేరింది. ఒకరోజు పేపరు చదువుతూనే పోయారు. తర్వాత వచ్చినవాళ్లందరూ ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పారు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. అప్పట్నుంచి ఎవరైనా మాటని అలంకరించి మాట్లాడితే నాకు వాళ్లని నమ్మబుద్ధి కాదు.

పీఆర్వో ఇచ్చిన రంగుల పుస్తకం కూడా అలాంటిదే. అందులో ఆడపిల్లని ఒంటరిగా పంపని ఇంట్లోలాగ, ప్రతి పేరుకీ ఒక విశేషణం తోడు పంపారు. లైబ్రరీ అపారం, ల్యాబులు అత్యాధునికం, హాస్టలు ఇంటిని మించిన ఇల్లు. ఫొటోలో పచ్చిక మీద కూర్చున్న పిల్లలు ఒకే ల్యాప్‌టాప్‌లోకి చూసి నవ్వుతున్నారు. ల్యాప్‌టాప్ మూసే ఉంది.

వచ్చే ఆదివారం చీపురుపల్లి జంక్షన్‌కి కాలేజీ బస్సు వస్తుందని, పిల్లనీ పెద్దవాళ్లనీ విశాఖ అవతలి క్యాంపస్‌కి తీసుకెళ్లి, అన్నీ చూపించి, భోజనం పెట్టి సాయంత్రానికి దింపేస్తుందని చెప్పి వెళ్లాడు.

మా అమ్మాయి ఆ పుస్తకాన్ని టీవీ మీద పడేసి, "అమ్మా, ఫొటోలు కాదు, మనిద్దరం వెళ్లి బాత్రూములు చూద్దాం" అంది.

మనిద్దరం అంది. ఆయన పోయాక బ్యాంకుకీ రేషన్ షాపుకీ తప్ప నేను గడప దాటలేదు. పిల్ల నాలుగేళ్లు ఉండబోయే చోటుని నా కళ్లతో చూడాలనుకున్నాను. ఆయన పోయిన తర్వాత నాకు కలిగిన మొదటి కోరిక అదే.

శుక్రవారానికల్లా మా బావగారూ అక్కా, అంటే మావారి అన్నగారూ ఆయన భార్యా, పల్లెనుంచి దిగారు. వరీ వేరుశెనగా పండించే మనిషి మా బావగారు. చుట్టుపక్కల గట్టు తగాదాలొస్తే తీర్పుకి ఆయన్నే పిలుస్తారు. నాకు పెళ్లయిన నాటినుంచి ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. తమ్ముడి భార్యతో బావగారు మాట్లాడకూడదు. నేను ఎదురుగా ఉన్నా నాకు చెప్పాల్సింది అక్కతోనో గోడతోనో చెబుతారు. ఆ గోడతో నాకు చాలా ఏళ్ల పరిచయం.

"నానూ, మా ఇంటిదీ పిల్లని తీసుకెల్తాం," అన్నారు గోడతో. "ఏడాది తిరగనేదు. తను రాకూడదు. ఆ మాట సెప్పు."

అక్క నా చెయ్యి పట్టుకుని, మధ్యలో ఏ గోడా లేనట్టు అదే మాట మళ్లీ చెప్పింది. "ఏటనుకోకమ్మా. సుభమా అని పిల్ల బయలెల్తన్నాది. మంచీ సెడ్డా సూసుకోవాల గదా."

నేను వాదించలేదు. వాదించాలంటే ఎదుటివాళ్ల బుద్ధి మీద కొంతైనా గౌరవం ఉండాలి. నాకు ఆ రోజు లేదు. మా అమ్మాయి నా ముఖంలోకి చూసి లోపలికి పోయింది.

ఇక ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. కాలేజీలో ఏం చూడాలో బావగారు ముందే తేల్చుకున్నారు. ప్రహరీ గోడ ఎంత ఎత్తుంది, హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు, మగపిల్లల హాస్టలు ఎంత దూరం.

"మరి పాఠాలెవరు చెబుతారో అడగవా పెదనాన్నా?" అంది మా అమ్మాయి.

"సంతకెల్లి పెయ్యిని కొన్నప్పుడు పళ్లు సూస్తాం. అది ఏటి సదివిందని అడుగుతామేటే?"

"పెయ్యి నేనా, కాలేజీయా?"

"నోరు మాత్రం బాగా సదివింది," అన్నారాయన.

సంచి సర్దడం అక్క పని. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చే ప్రయాణానికి ఆమె రెండు జతల బట్టలు, దుప్పటి, తువ్వాలు, చెంబు, చెగోడీల డబ్బా, తలనొప్పి మందు, దిష్టికి ఎండుమిరపకాయలు సర్దింది.

"పెద్దమ్మా, సాయంత్రానికి ఇంట్లో ఉంటాం."

"బస్సు ఆగిపోతే?"

"ఆగితే దుప్పటి కప్పుకుని పడుకుంటామా రోడ్డు మీద?"

"పడుకోవాలా వద్దా అన్నది తరవాత. దుప్పటి ఉన్నాదా నేదా అన్నది ముందు."

చివర్లో పెరట్లోకి వెళ్లి గుప్పెడంత రాయి కడుక్కొచ్చి సంచిలో వేసింది. ముగ్గురు కలిసి బయల్దేరకూడదట. రాయిని వెంట తీసుకెళ్తే నలుగురవుతారట. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. నా కూతురి కాలేజీ చూడడానికి నేను పనికిరాలేదు గాని ఆ రాయి పనికొచ్చింది. పైగా దానికి స్నానం కూడా చేయించారు.

అంతటితో అయిపోలేదు. ఆదివారం పడమటి దిక్కుకి శూల, ఆ వైపు ప్రయాణం పనికిరాదు. వాళ్లు వెళ్లాల్సింది ఆ వైపే. బస్సు వచ్చేది ఆదివారమే. దీనికి మా వాళ్ల దగ్గర ఒక ఉపాయముంది, దాన్ని ప్రస్థానం అంటారు. మనం కదలలేని మంచి ఘడియలో మన సంచిని ముందుగా పంపేస్తాం. ఇరుగింట్లో పెట్టి వస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. తర్వాత మనం ఏ దుర్ముహూర్తంలో వెళ్లి ఆ సంచి అందుకున్నా ఫరవాలేదు. అన్నీ చూసే దేవుడు సంచి ఎక్కడుందో మాత్రం చూసి సరిపెట్టుకుంటాడని మా వాళ్ల నమ్మకం.

"సంచిలో ఎవులి గుడ్డలుంటే ఆలు బయలెల్లిపోయినట్టే," అని బావగారు మా అమ్మాయికి వివరించారు. "ఇంక దానికి తిరుగునేదు. పెట్టీసి ఎల్లకపోతేనే కీడు."

"ఎవరి బట్టలుంటే వాళ్లా?" అని మళ్లీ అడిగింది మా అమ్మాయి.

"ఆలే."

శనివారం ఉదయం వర్జ్యం పోయాక, అక్క చెప్పిన వేళకి మా అమ్మాయే సంచి భుజానికెత్తుకుంది. పడమటి పక్కింటి ముసలమ్మగారు పూజగదిలో చోటిచ్చింది.

"ఇంత బరువెక్కిందేటే?" అంది అక్క వెనకాలే నడుస్తూ.

"నీ చెగోడీలే పెద్దమ్మా."

అక్క ఆ సంచికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వచ్చింది.

ఆదివారం తెల్లవారాక అందరూ తయారయ్యారు. అక్క నన్ను వెనకగదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. "పిల్ల వీది మలుపు తిరిగినంతవరకూ ఇక్కడే కూకో. ఎదురు రాకు. నీ పిల్ల మంచికే సెప్తన్నాను." తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

ఆ గదిలో బియ్యం బస్తా, పాత కూలరు, ఆయన హెల్మెట్ ఉన్నాయి. నేను బస్తా మీద కూర్చున్నాను. ఒక మనిషి ముఖం కనబడితే బస్సు బోల్తా పడుతుందని నమ్మేవాళ్లు నా కూతురికి ఇంజనీరింగ్ కాలేజీ చూడబోతున్నారు. దేశంలో ఇంజనీర్లకి కొదవలేదని పేపర్లో రాస్తుంటారు. అయినా ఇళ్లలో ఏమీ మారకపోవడం ఎందుకో ఆ బస్తా మీద కూర్చుంటే బాగానే బోధపడింది.

వీధి గుమ్మం తలుపు చప్పుడైంది. అడుగులు దూరమయ్యాయి. కాసేపటికి అవే అడుగులు పరుగున వెనక్కి వచ్చాయి.

"ఓలమ్మో, ఎనక్కొచ్చీసిందేటీ పిల్ల!" అని అక్క కేక.

నేను తలుపు తీశాను. మా అమ్మాయి పడమటింట్లోంచి తెచ్చిన సంచిని హాలు మధ్యలో దింపి జిప్పు లాగుతోంది. దుప్పటి తీసి పక్కన పడేసింది. దాని కింద నా పొందూరు నూలుచీర, జాకెట్టు, నిన్నట్నుంచి నేను వెతుకుతున్న చెప్పులు ఉన్నాయి.

"ఇవెవరివి పెదనాన్నా?"

బావగారు వంగి చూశారు. "మీ అమ్మవి."

"నిన్న ముహూర్తానికే పడమటింటికి వెళ్లాయి. అమ్మ నిన్ననే బయల్దేరిపోయింది."

"రాయేదే?" అంది అక్క.

"తీసేశాను. రాయి బదులు అమ్మని పెట్టాను."

"ఇదేటి దొంగపనే! తెలిసి పెట్టాల గాని, ఇలగ పెడితే సెల్లదు!"

"నువ్వే దండం పెట్టావు కదా పెద్దమ్మా."

అక్క మొగుడి వైపు చూసింది. బావగారు భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నారు. గట్టు తగాదాలో రెండు పక్షాల మాటా విన్నాక ఆయన ఎలా నిలబడతారో నాకు తెలుసు. అలాగే నిలబడ్డారు. నాకు మాత్రం నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. నా కూతురితో నేను వెళ్లాలా వద్దా అన్నది నా చెప్పుల మీద తేలబోతోంది.

"సెల్తాది," అన్నారాయన చివరికి. "ఎవులు పెట్టారని కాదు. ఎవులి గుడ్డలన్నదే. పెట్టీసి ఎల్లకపోతే పిల్లకే కీడు." అక్క ఏదో అనబోయింది. "నోరుముయ్యి. నలుగురం అయ్యాం. సరిపోయింది."

అప్పుడు గోడని వదిలి నా వైపు తిరిగారు. "బేగి తయారవ్వమ్మా. బస్సు ఎలిపోద్ది."

అది దయ కాదు. నా పక్షాన మాట్లాడాలని కూడా ఆయనకి లేదు. శాస్త్రం లెక్క తేలిందన్న తృప్తి మాత్రమే ఆ ముఖంలో ఉంది. అలాంటి దారిలో దొరికిన దాన్ని తీసుకోవచ్చా అని మరో రోజైతే ఆలోచించేదాన్ని. ఆ పూట చీర మార్చుకుని చెప్పులు వేసుకున్నాను.

జంక్షన్‌లో బస్సు ఆగి ఉంది. పీఆర్వో తలుపు దగ్గర నిలబడి ఎక్కినవాళ్లందరికీ మళ్లీ అదే రంగుల పుస్తకం పంచాడు. అక్క అలిగి, పిల్లని కిటికీ పక్కకి తోసి తాను పక్కన కూర్చుంది. బావగారు డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కాలేజీకి ప్రహరీ ఉందా లేదా అని అతన్ని అప్పుడే పట్టుకున్నారు. నాకు అక్కావాళ్ల వెనకాల ఒక సీటు దొరికింది. నా పక్కన రాజాం దగ్గర పల్లెనుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ఆమె కొడుకు అవతలి వరసలో చెవుల్లో ఏవో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"ఆ పిల్ల మీదేనా?"

"అవునండి."

"ఆల నాన్నగారు రానేదేటి?"

ఇన్నాళ్లూ ఆ మాట నేను ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. మా వీధిలో అందరికీ తెలుసు. కొత్తవాళ్లకి నా బదులు ఇంకెవరో గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. ఇక్కడ చెప్పేవాళ్లు లేరు.

"పోయారండి. ఇంకా ఏడాది కాలేదు."

"అయ్యో," అంది ఆమె. ఆశయమనీ ఆత్మశాంతి అనీ ఏమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి జీడితోటలు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏ బ్రాంచి తీసుకుంటాదట?" అని అడిగింది.

"కంప్యూటర్స్ అంటోంది."

"మావోడూ అదే. అందరికీ అదే కావాల. మీరేటంటారు?"

నేనేమంటానని ఆ వారంలో అడిగింది ఆమె ఒక్కతే. నాకు చెప్పడానికి చాలానే ఉందని అప్పుడు తెలిసింది. "నాకైతే సివిల్ బాగుంటుందనిపిస్తోందండి," అన్నాను.

ముందు సీటు నుంచి మా అమ్మాయి తల వెనక్కి తిప్పింది. "సివిలా? ఎందుకమ్మా?"

"ఇలా రా, చెబుతాను," అన్నాను. నా పక్కనున్నావిడ కాస్త జరిగి చోటిచ్చింది.