తాజ్‌బీ పెట్టిన పథ్యం

నా కూతురు పుట్టిన నాలుగో వారం నుంచి వనపర్తిలో మా గల్లీకి గడియారం అవసరం లేకుండా పోయింది. పొద్దు తిరగగానే ఏడుపు మొదలుపెట్టి, దీపాలు పెట్టేదాకా ఏడ్చేది. పాలిచ్చినా ఏడుపే, భుజాన వేసుకున్నా ఏడుపే. మా అమ్మ లేదు. గద్వాలలో ఉన్న నాన్నకు మగ్గం తెలుసు గానీ పసిపిల్లల సంగతి తెలియదు. అందుకే కాన్పుకు పుట్టింటికి పోకుండా అత్తగారింట్లోనే ఉండిపోయాను.

సలహాలకు మాత్రం లోటు లేదు. ఎదురింటి ఈరమ్మ "పాలు చాలుతలెవ్వు" అని తేల్చింది. మర్నాడు ఆమే వచ్చి "పాలెక్కువై అరుగుతలెవ్వు" అంది. మా అత్త సత్యమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, ఆ ఘాటుకు తానే దగ్గి దగ్గి, "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో" అంది. మా ఆయన నితిన్‌ది సెల్‌ఫోన్ల దుకాణం. పిల్ల నోరు తెరిచిందంటే చాలు, ఆయనకు కొత్తకోటలో ఏదో అర్జెంటు పని పుట్టేది. అంత తీరిక లేని మనిషిని నేను జిల్లాలోనే చూడలేదు. వచ్చినవాళ్ళందరూ తలా ఒక మాట చెప్పిపోయేవాళ్ళే, పిల్లను ఎత్తుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ పిల్ల బరువు తూచి, కడుపు నొక్కి చూసింది. "పిల్ల బాగుంది. కొందరు పిల్లలు ఇట్లాగే ఏడుస్తారు, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. జ్వరమొచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి. ముందు తల్లిని పడుకోనివ్వండి. ఇంట్లో అందరూ వంతులేసుకుని పిల్లను ఎత్తుకోండి" అంది.

బయటికి రాగానే మా అత్త, "మందు రాయలే, సూది వెయ్యలే. గీమె ఏం డాక్టరు?" అని మొహం తిప్పుకుంది.

ఆ మరుసటి వారం ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. పిల్ల రెండు గంటలుగా ఏడుస్తోంది. దాని రెండు భుజాలూ పట్టుకుని "ఆపవే!" అని అరిచాను. ఊపడానికి నా చేతులు బిగుసుకున్నాయి. ఊపలేదు. దాన్ని ఊయలలో వేసి, బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. నా చేతులు చూసుకుంటే నాకే భయమేసింది. ఇవాళ ఆగాను, రేపు ఆగుతానా? ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో సలహా ఇచ్చేవాళ్ళు.

అప్పుడు ఈరమ్మ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పనికొచ్చే మాట చెప్పింది. తాజ్‌బీ దగ్గర దారం కట్టించమంది.

తాజ్‌బీ ఇరవై ఆరేళ్ళు ఒక ప్రసవాల ఆసుపత్రిలో ఆయాగా చేసింది. లారీ డ్రైవరు భర్త పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని పాత చీరలతో బొంతలు కుడుతుంది. హిందువులు, ముస్లింలు అని లేదు, ఎవరి పిల్ల ఏడ్చినా ఆమె గుమ్మం ముందే దిగుతారు. దవడన పాన్, ముక్కు మీద కళ్ళద్దాలు, నోట్లో మర్యాద కొంచెం తక్కువ. పిల్లతో వచ్చిన అత్తనూ నన్నూ చూడగానే "బిడ్డ మంచిగనే ఉన్నది. తల్లి మొఖమే అధ్వానమున్నది" అంది.

మంచినీళ్ళు తెమ్మని మా అత్తను లోపలికి పంపి, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"గట్టిగ ఊపాలనిపించిందా బిడ్డా?"

నేను భోరుమన్నాను.

"ఊపినవా?"

"లే. ఊయలల వేసి బయటికొచ్చిన."

"మంచి పని చేసినవు. మల్ల అనిపించినా గట్లనే చెయ్యి. ఏడ్పుతోని ఏం గాదు, ఊపుతోని పాణం పోతది. నీ అసుంటోళ్ళను వంద మందిని చూసిన. నువ్వు చెడ్డదానివి గాదు, నీకు నిద్ర లేదు."

ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది.

అత్త నీళ్ళు తెచ్చాక, బొంతలు కుట్టే ఉండలోంచే నల్లదారం తెంపి, పెదాలు కదిపి, పిల్ల కాలికి వదులుగా కట్టింది. "దారం నాది, పథ్యం మీది. ఏడు దినాలు. పొద్దు తిరిగినప్పటి సంది దీపాలు పెట్టేదాక తల్లి నీడ పిల్ల మీద పడొద్దు. తల్లి చీకటి అర్రల కండ్లు మూసుకొని పండాలె. పాలకు లేపాలె, తాగంగనే పిల్లను తీస్కపోవాలె. నాయినమ్మనే ఎత్తుకోవాలె. పథ్యం తప్పితే నన్ను అడగొద్దు" అంది.

డాక్టరమ్మ చెప్పిందీ ఇదే. కాకపోతే పాపం ఆమె అన్నేళ్ళు చదివి, దారం కట్టడం ఒక్కటి నేర్చుకోలేదు.

పథ్యమంటే మా అత్తకు పోలీసు హుకుం కంటే ఎక్కువ. మొదటి రోజు నన్ను అర్రలోకి తోసి, బయట గొళ్ళెం పెట్టినంత పని చేసింది. నేను చాప మీద పడ్డదే తెలుసు. మూడో రోజు సాయంత్రం లేచి వస్తే, అత్త కొప్పు ఊడిపోయి, ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతోంది.

"రోజూ గిట్లనేనా?" అంది.

"గిట్లనే అత్తమ్మా."

"నితిన్ గూడ గిట్లనే ఏడ్చేటోడు. నా చేతులకెల్లి ఒక్కలు గూడ తీస్కోలే" అంది. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. నేనే తుడిచాను.

ఎనిమిదో రోజు వచ్చింది. పథ్యం అయిపోయింది. మధ్యాహ్నం అన్నం తింటూనే పొద్దు ఎంత వాలిందో చూసుకుంటున్నాను. ఇంతలో అత్త వచ్చి నా ఒళ్ళోంచి పిల్లను తీసుకుంది.

"పో రజనీ, పండు. ఇంకో నలభై దినాలు చెయ్యాలన్నది తాజ్‌బీ."

వారం తర్వాత తాజ్‌బీకి పాత చీరలు ఇవ్వడానికి పోయి, నలభై రోజులు పొడిగించినందుకు దండం పెట్టాను. ఆమె సూది ఆపి నా వైపు చూసింది.

"నేనెప్పుడన్న? మీ అత్త ఆనాటి సంది ఈ దిక్కే రాలే." ఆ తర్వాత నోట్లో పాన్ జారేటట్టు నవ్వింది.

ఇంటికొచ్చేసరికి అత్త పిల్లతో వాకిట్లో తిరుగుతోంది. ఏడుపు వింటూ మా ఆయన బండి తాళం చేతిలోకి తీసుకుంటున్నాడు.

"ఏమన్నది తాజ్‌బీ?" అత్త నా మొహం చూడకుండా అడిగింది.

మా ఆయనకు కూడా వినపడేటట్టు చెప్పాను. "నలభై దినాలు చాలవట అత్తమ్మా. తండ్రి గూడ ఎత్తుకోవాల్నట."

అత్త అప్పుడు నా మొహం చూసింది. తర్వాత కొడుకు చేతిలోంచి బండి తాళం తీసుకుని, ఆ చేతుల్లో పిల్లను పెట్టింది.

"ఇన్నవు గదరా," అంది, "పట్టు."