రైలు పోయేదాకా ఆగిన మాట

ఇప్పుడు ఆ పట్టాల మధ్య గడ్డి మొలిచింది, మేకలు మేస్తున్నాయి. బొగ్గు మసి కలవడం ఆగి ఏరు కూడా తేటపడింది. మంచిదే అంటారందరూ. నాకు మాత్రం ఆ నల్లటి ఏరే ఇష్టం, ఎవరేమనుకున్నా సరే. బొగ్గు రైళ్ళు తిరిగిన రోజుల్లో మా వీధి మాటతీరే వేరు. రైలొస్తే ఎంతటివాళ్ళయినా మాట మధ్యలో ఆపేసి, కాస్త ఆగమన్నట్టు తల ఊపేవాళ్ళు. చివరి పెట్టె దాటాక, ఆపిన చోటి నుంచే అందుకునేవాళ్ళు. తిట్లయినా అంతే, ఒక్క అక్షరం తగ్గేది కాదు.

మా మేనత్త పట్టాల పక్క గదిలో గనివాళ్ళ బట్టలు కుట్టేది. రైలు వెళ్తుంటే బల్ల మీద కత్తెర దానంతటదే జరిగేది. తాతయ్య గనిలోనే పోయాడు. అందుకే గనివాణ్ణి చచ్చినా చేసుకోనని అత్తయ్య భీష్మించుకు కూర్చుంది.

ఒకరోజు పొద్దున్నే, కొత్తగా గనిలో చేరిన పొరుగూరి మనిషి, మాసిక వేయించుకున్న చొక్కా తీసుకుని తొడుక్కుని, తనను పెళ్ళి చేసుకుంటావా అని అడిగేశాడు. అప్పుడే రైలొచ్చింది. అత్తయ్య తల ఊపింది. మా వీధి అలవాటు అతనికేం తెలుసు? ఒప్పుకుందనుకుని ముఖం చేటంత చేసుకుని, దారిపొడవునా అందరికీ చెప్పుకుంటూ డ్యూటీకి పరుగెత్తాడు. రైలు దాటేసరికి గదిలో మనిషి లేడు. మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది. పక్కింటావిడ పెళ్ళిచీర రంగు కూడా తేల్చేసింది.

అత్తయ్య అగ్గిమీద గుగ్గిలమైంది. కుదరదని ముఖానే చెప్పేద్దామని గని గేటు దగ్గర కాపు కాసింది. డ్యూటీ దిగే సైరను మోగింది. అందరూ వచ్చారు గానీ అతను రాలేదు. లిఫ్టు మొరాయించిందని, కొందరింకా కిందే ఉన్నారని ఎవరో అన్నారు. అత్తయ్య కోపం ఎటు పోయిందో ఏమో. వద్దని చెప్పడానికి వచ్చిన మనిషి, అతను రావాలని మొక్కుకుంటూ నిలబడింది.

పొద్దుగూకే వేళకు కిందున్నవాళ్ళు పైకొచ్చారు. మసిలో అందరి ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. చొక్కా మీద తను వేసిన మాసిక చూసి అత్తయ్య అతన్ని గుర్తుపట్టింది.

"పొద్దున నేను ఒప్పుకోలేదు. రైలు పోయేదాకా ఆగమన్నా, అంతే."

అతను తల దించుకున్నాడు. పొరపాటు తనదేనని ఇంటింటికీ వెళ్ళి తనే చెప్పుకుంటానన్నాడు.

"అది సరేగానీ, రోజూ ఇలా పైకొస్తావా?"

"వస్తా."

గని మూతపడేదాకా మామయ్య ఆ మాట తప్పలేదు. అత్తయ్య మాత్రం ఒక్కరోజు కూడా నమ్మలేదు. సైరను మోగిందంటే, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి గేటు దగ్గర ఉండేది.