దాచుకున్న మగ్గెడు నీళ్ళు

ఇళ్ళకు గాలి పరీక్ష చేసే ఉద్యోగం ఒకటి ఉంటుందని యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. అంతకుముందు కాటేదాన్‌లో మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. ఆ కార్ఖానా మూతపడ్డాక, ఎయిర్‌పోర్టు వచ్చిన నాలుగేళ్ళకు, శంషాబాద్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని నడిచే చిన్న కంపెనీలో చేరాను.

వాకిలికి పరదా బిగించి, దాని మధ్యలో పెద్ద ఫ్యాను పెడతాం. కిటికీలన్నీ మూసి ఇంట్లో గాలిని బయటికి లాగుతాం. సందులుంటే వాటిలోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఎంత దూరిందో మీటరు చూపిస్తుంది. ఏసీ చల్లదనం ఎంత వృథా పోతోందో దాన్నిబట్టి తేలుతుంది.

నాతోపాటు అదే రోజు మామిడిపల్లి రైతుల అమ్మాయి ఒకతె చేరింది. ముప్పై నిండలేదు, పాలిటెక్నిక్ చదివింది. ఇద్దరమూ కొత్తవాళ్ళమే. మీటరు ఆమెకిచ్చారు. పరదా, టేపు, ఊదుబత్తి కట్ట నాకిచ్చారు. ఊదుబత్తి పొగ వణికిన చోట సందు ఉన్నట్టు. ఐదో తరగతిలో బడి మానినవాణ్ణి కదా, ఇంకేమిస్తారు? కాని మీటరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివింది నేను. ఆమె ఒక్కసారి కూడా చివరిదాకా చదవలేదు. అయినా ఇంటివాళ్ళు ఆమెను మేడమ్ అని సోఫాలో కూర్చోబెట్టేవారు. నా చాయ్ మెట్ల దగ్గరికి వచ్చేది. ఆమె నన్ను బాపూ అనేది, నేను బిడ్డా అనేవాణ్ణి. నోటితో అనేవాణ్ణి, అంతే.

ఆమె చుట్టాల పెళ్ళికని సెలవు పెట్టిన ఒక రోజు, తుక్కుగూడ దగ్గర ఖాళీ విల్లాలో ఫ్యాను తిప్పగానే నాకు మురుగు వాసన తగిలింది. బాత్రూమ్ జాలీ దగ్గర ఊదుబత్తి పెడితే పొగ ఎగిరిపోయింది. జాలీ కింద గొట్టంలో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి గాలిని ఆపుతాయి. మనుషులు లేని ఇంట్లో అవి ఎండిపోతాయి. ఒక మగ్గు నీళ్ళు పోశాను, మీటరు దిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు, కోస్తా నుంచి వచ్చిన మా సారు ఇద్దరినీ పిలిచి, "ఇకనుంచి రిపోర్టు మీద సంతకం మీలో ఒకరు పెట్టాలండి. వచ్చే ఇంటి పని చూసి చెబుతాను" అన్నాడు. అన్నేళ్ళు నేను చుట్టిన మోటార్లన్నీ ఇంకొకరి సంతకంతోనే బయటికి వెళ్ళాయి. ఈ సంతకం నాకు కావాలి.

ఆ ఇల్లు మామిడిపల్లిలోనే. కట్టి, నెలల తరబడి తాళం వేసి ఉంచిన విల్లా. ఆమె ఫ్యాను తిప్పింది. మీటరు అంకె చాలా ఎక్కువ చూపించింది.

"బాత్రూములు చూసినవా బాపూ?" అంది.

"చూసిన" అన్నాను. ఒక్కదాని తలుపు కూడా తీయలేదు.

ఆమె కిటికీల వల్లేనని తేల్చింది. ఇంటి యజమాని, వాటిని బిగించిన శంషాబాద్ వడ్రంగిని పిలిపించాడు. దాదాపు నా వయసు ముస్లిం మనిషి.

"నా కిటికీల కెల్లి గాలి రాదు సాబ్. కాగితం పెట్టి మూసి గుంజుండ్రి, చినుగుతది గని రాదు."

"మరి మీటర్ అబద్ధం చెప్తదా?" అన్నాడు యజమాని.

అతను రెండు రోజులు కూర్చుని కిటికీల రబ్బరంతా పీకి మళ్ళీ వేశాడు. మూడో రోజు సారు కూడా వచ్చాడు. ఫ్యాను తిప్పితే అంకె ఏమాత్రం తగ్గలేదు.

"ఇగ చాలు. మిగిలిన పని వేరేటోల్లతోని చేయించుకుంట" అన్నాడు యజమాని.

వడ్రంగి ఉలులు ఒక్కొక్కటే తుడిచి గోనెసంచిలో పెట్టుకోసాగాడు. ఆమెకు చెడ్డపేరు రావాలని నేను కోరుకున్నది నిజం. అది పోయి ఈయన నెత్తిన పడింది. కాటేదాన్‌లో ఎవరో కాల్చిన మోటారుకు నన్ను నిలబెట్టి తిట్టిన రోజు, నేనూ ఇలాగే తలవంచుకుని పనిముట్లు తుడిచాను.

మేస్త్రీలు వదిలేసిన డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్ళు ముంచి అయిదు బాత్రూముల్లోనూ పోశాను.

"ఇప్పుడు తిప్పు బిడ్డా."

అంకె సగానికి సగం పడిపోయింది. వడ్రంగి సంచి కట్టడం ఆపాడు. ఆమె మీటరు వైపు కాదు, నా తడిసిన పాంటు అంచు వైపు చూసింది.

"మొన్న చూసిన అన్నవు గద" అంది, మెల్లగా.

"ఏమైందండీ?" అన్నాడు సారు.

నేను నోరు తెరిచేలోపే ఆమె, "నాదే తప్పు సార్. జాలీలల్ల నీళ్ళు పోసి చూడాలె, యాది మరిచిన. బాపు కనిపెట్టిండు" అంది. అక్కడితో ఆగలేదు. వడ్రంగి దగ్గరికి వెళ్ళి, "మాఫ్ చెయ్యి చాచా, నీ పని మంచిగనే ఉంది" అంది.

"జర ముందుగాల పోస్తే నాకు రెండు రోజులు మిగులుతుండె" అన్నాడతను, నన్ను చూస్తూ.

సంతకం ఆమెకే ఇచ్చారు. తప్పు ఒప్పుకునే మనిషి పెడితేనే తనకు నిశ్చింత అన్నాడు సారు. ఆమె చేయని తప్పు ఒప్పుకుని పదవి కొట్టేసిందని ఆ రాత్రి ఇంట్లో చిందులు తొక్కాను. చేసిన తప్పు చెప్పి ఉంటే అది నాకొచ్చేదేమో అన్నది మరునాడు బస్సులో తట్టింది. నన్ను కాపాడినందుకైనా ఆమె మీద కుళ్ళు తగ్గాలి కదా, తగ్గలేదు. అంత సులువుగా మంచిగా ఉండటం ఆమెకెలా వచ్చిందని ఇంకా మండింది.

ఆఫీసుకు చేరగానే ఆమె రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టింది. "సంతకం పెట్టేముందు జర చదువు బాపూ. ఇంగ్లీషు నాకన్న నీకే మంచిగొస్తది."

అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి అప్పటికప్పుడే చెప్పాను. రెండోది చెప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.