గోడ అవతల ఎర్ర రుమాలు

చిన్నప్పుడు ఇంగ్లీషు క్లాసంటే చాలు, నాకు గొంతు పెగిలేది కాదు... చివ్వెంల దగ్గర మా ఊరి బడిలో నాలుగు దాకా చదివి, ఐదో తరగతికి సూర్యాపేటలో ఇంగ్లీషు మీడియంలో చేరాను. దసరా సెలవులు దాటినా నా నోట ఒక్క మాట రాలేదు.

చివరికి బడి నుంచి నాయనకు కబురు వెళ్లింది... ఒకసారి వచ్చి మాట్లాడమని. నన్ను మళ్లీ నాలుగులో కూర్చోబెడతారని పిల్లలంతా గుసగుసలు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మరునాడు ఇంగ్లీషు టీచర్ 'పీపింగ్ అవుట్' అనే మాట చెబుతున్నారు. ఆమెది కోదాడ. బోర్డు మీద మబ్బు గీసి, దాని వెనక సగం చందమామను గీశారు. ఏదైనా కొంత దాగి, కొంత కనిపిస్తుంటే ఇలా అంటారని చెప్పి, అందరినీ సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆ చందమామనే చెప్పారు...

నా వంతు వచ్చింది. లేచి, ఏం తోచక కిటికీలోంచి బయటికి చూశాను. కాంపౌండు గోడ పైన ఎర్ర రుమాలు... మా నాయన తలకు చుట్టుకునేది. గంట కొట్టేదాకా ఆగమని వాచ్‌మన్ నాయనను గేటు బయటే ఆపాడట. గొర్ల మందను చిన్నాయనకు అప్పజెప్పి, నా తర్వాతి బస్సెక్కి వచ్చి, నాయన ఎండలో నిలబడ్డాడు.

"మై ఫాదర్... ఈజ్ పీపింగ్ అవుట్" అన్నాను.

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. కిటికీ దగ్గరికొచ్చి చూసి, తానే వెళ్లి నాయనను లోపలికి తీసుకొచ్చారు. నేనేమన్నానో చెప్పారు. దానికి తెలుగులో అర్థమేమిటని నాయన నన్నే అడిగాడు. 'మా నాయన తొంగి చూస్తున్నాడు' అని మెల్లగా చెప్పాను.

నాయన మొహం చిన్నబోయింది. "నేను తొంగి సూడలేదు టీచరమ్మా... గోడ అడ్డమున్నది, గంతే."

"అది తప్పు మాట కాదండీ. కొంచెమే కనపడుతుంటే ఇంగ్లీషులో అట్లాగే అంటారు" అన్నారామె. "ఇన్నాళ్లకు మీ అమ్మాయి నోరు తెరిచింది, అదీ మిమ్మల్ని చూసి. ఇక కింది క్లాసుకు పంపక్కర్లేదు. హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను."

నాయన రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

బడి విడిచేదాకా అక్కడే ఉండి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, "ఇంకోపాలి అను బిడ్డా" అన్నాడు. అన్నాను... ఊరొచ్చేదాకా అనిపిస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత కొత్తగా పుట్టిన గొర్రె పిల్లను గొంగడిలో చుట్టి ఇంటికి తెచ్చినప్పుడల్లా, బయటికి కనిపించే దాని మూతిని చూపించి "పీపింగవుటు" అనేవాడు. అమ్మకు అర్థమయ్యేది కాదు. మేమిద్దరం నవ్వుకునేవాళ్లం...

ఇప్పుడు మా బాబు గురించి స్కూలు నుంచి ఏ కబురైనా ఫోన్‌కే వస్తుంది. చదివి, 'ఓకే' అని పెట్టి, నా పనిలో నేను పడిపోతాను. ఒక పూట పని మానుకుని, వాడి కోసం బడి దాకా వెళ్లి ఎన్నాళ్లయిందో...

మీ కోసం బడికి ఎవరొచ్చేవాళ్లు? రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.